మూసిన ఇంట్లో బంతిపూల దోవ

మా అక్క కూతురు హరిత తిరుపతిలో కొత్త ఫ్లాటు తీసుకుని, కిటికీల కొలతలు తీసుకునేందుకు నన్ను రమ్మంది. ముప్పై ఏళ్లుగా లాడ్జీలకూ కల్యాణ మండపాలకూ కర్టెన్లు కుట్టిన చేతులు నావి. సొంత పిల్ల అడిగితే కాదంటానా? టేపు, పలక బలపం సంచిలో వేసుకుని నగరి నుంచి పొద్దున్నే బస్సెక్కాను. నాలుగో అంతస్తులో ఇల్లు. బాల్కనీలోంచి కొండ కనిపిస్తుంది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే తెలిసిపోయింది, ఇది ఒక ఇల్లు కాదు, నాలుగైదు దేశాలు పక్కపక్కన కాపురం పెట్టాయని. హాల్లో నేలకు జానెడెత్తు బల్ల, కాగితం అతికించినట్టుండే జరుపుడు తలుపులు. పడకగదిలో చిల్లుల ఇత్తడి లాంతర్లు, నేల మీద దిండ్లు. హరిత నోరు తెరిచేలోపే నేను "జపాను", "మొరాకో" అని చెప్పుకుంటూ పోయాను. "నీకెట్లా తెల్సు చిన్నమ్మా, డిజైనరు చెప్పేదాకా నాకే తెలీదు" అని ఆ పిల్ల నోరెళ్లబెట్టింది. పుస్తకాల్లో చదివినాను లేమ్మా అన్నాను. గర్వంగానే అన్నాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా నగరి శాఖా గ్రంథాలయం బల్లల మీద, ఎవరూ పరీక్ష పెట్టని చదువు.

చివరికి పూజగది పక్కనున్న మూలకు తీసుకుపోయింది. మూడు మెట్ల చెక్క బల్ల. మెట్ల నిండా ప్లాస్టిక్ బంతిపూలు, రంగు కొవ్వొత్తులు, ఒక గాజు గ్లాసులో నీళ్లు. పై మెట్టు మీద ఫోటో ఫ్రేము, అందులో తెల్లజుట్టు ముసలామె. మన దేశపు మనిషి కాదు. నవ్వబోయి ఆగినట్టు చూస్తోంది.

"ఎవరమ్మా ఈమె?"

"ఎవరో, చిన్నమ్మా! ఫోటో ఫ్రేముతోనే వచ్చినాది. బాగుండాది, ఉండనీ అన్నాడు డిజైనరు. ఇది మెక్సికో మూల."

"నీళ్లెవరు పోసినారు?"

"నేనే. నెట్లో బొమ్మలో అట్లే ఉన్నింది. తగ్గిపోయినప్పుడంతా మళ్లా పోస్తాంటా. ఎండలకేమో, దబ్బున తగ్గిపోతాండాది."

నా చేతిలోని టేపు తనంతట తను చుట్టుకుపోయింది. కొలతలు ముగించి, భోజనం చేసిపొమ్మంటున్నా వినకుండా బస్టాండుకు వచ్చేశాను. ప్లాస్టిక్ పూలకు వాసన ఉండదు. అయినా వడమాలపేట దాటేదాకా బస్సులో నాకు పచ్చి బంతిపూల వాసన వస్తూనే ఉంది. ఆ వాసన నాకు పండగలను గుర్తుచేయదు. పదహారేళ్ల వయసులో, మూసిన మా ఇంట్లో నేను చేసిన పనిని గుర్తుచేస్తుంది. ఇన్నేళ్లలో ఎక్కడా రాయని సంగతి అది.

నగరిలో మాది నేత ఇల్లు. వీధి వైపు పడసాల, దాని వెనక నట్టిల్లు, పక్కన వంటిల్లు, పెరటి వైపు మగ్గం ఇల్లు. వీధిలో చాలామంది మరమగ్గాలకు మారిపోయినా, మా తాత గుంత మగ్గాన్ని వదలలేదు. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన నేసేవాడు, తాత నేసేవాడు, మగ్గం పక్కనే అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మగ్గం ఇంటికి ఒక వాసన ఉండేది: నూలుకు పట్టించిన గంజి, తడి మట్టి, అవ్వ వక్కాకు. ఆమె వక్కాకు వేసుకున్న ప్రతిసారీ వేలికి మిగిలిన సున్నాన్ని పక్కనున్న రాతి స్తంభానికి రాసేది. ఎన్నేళ్లుగా రాసిందో, ఆమె కూర్చున్న ఎత్తున ఆ స్తంభం తెల్లగా పొక్కులు కట్టి ఉండేది. "కంభం నీ ఏలు తుడుసుకునేదానికే ఉండాదా?" అని తాత రోజూ కసిరేవాడు. ఆమె రోజూ వినేది, రోజూ రాసేది. వంటింట్లోనూ ఆమెది ఒక పద్ధతి. గిన్నెలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాకా బోర్లించాలి. నీళ్లు ముంచే చెంబు మాత్రం ఉప్పు జాడీ వెనకాల దాచాలి. ఎందుకు దాచాలో మా అమ్మకు కూడా చెప్పలేదు. అక్కడ లేకపోతే మాత్రం ఊరుకునేది కాదు.

ఆ అవ్వ వేసవిలో, రెండు రోజుల జ్వరంతో పోయింది. పురోహితుడు పంచాంగం చూసి తల అడ్డంగా ఊపాడు. ధనిష్ఠా పంచకం, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంట్లో మనుషులు ఉండకూడదు. పోయినవాళ్లు పోలేక ఇంటి చుట్టే తిరుగుతారని, తోడుకు ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతారని భయం. అందుకని గడువు తీరేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, దీపం పెట్టరు. కర్మలయ్యాక నాయన వీధి వాకిలికి తాళం వేసి, గడపకు అడ్డంగా రేగుకంప పెట్టాడు. మేం నలుగురం, అంటే తాత, నాయన, అమ్మ, నేను, రెండు వీధుల అవతల రెండు గదుల బాడుగ ఇంటికి చేరాం. అక్కకు అప్పటికే పెళ్లయి పుత్తూరులో ఉండేది. సొంత మగ్గం మూతపడింది కాబట్టి నాయన ఇంకొకరి మరమగ్గం షెడ్డులో కూలికి కుదిరాడు. తాతకు ఏ పనీ లేకుండా పోయింది. నాకూ అంతే.

పని లేని ఆ రోజుల్లోనే నేను గ్రంథాలయానికి అలవాటుపడ్డాను. తెలుగు కథల బీరువా రెండు నెలల్లో అయిపోయింది. తర్వాత అడుగు అరలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. లావుగా, నిండా రంగు బొమ్మలతో ఉంది. అట్ట లేదు కాబట్టి దాని పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దేశదేశాల ఇళ్లు లోపల ఎలా ఉంటాయో చూపించే పుస్తకం అది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడితే, లైబ్రేరియన్ కళ్లద్దాల పైనుంచి చూసి, "తీసకపోమ్మా. రిజిస్టర్లో లేనే లేదది. చెదలు తినేదానికంటే నువ్వు తింటే మేలు" అన్నాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. బొమ్మలు చూడడానికి ఇంగ్లీషెందుకు? బాడుగ ఇంట్లో నలుగురం ముడుచుకుని పడుకునే ఆ గదిలో, ఏమీ లేకపోవడమే అందంగా ఉన్న జపాను గదిని చూస్తూ కూర్చునేదాన్ని. అలా చూస్తుండగా ఒక రోజు తోచింది: మాకూ ఖాళీ ఇల్లు ఒకటుంది కదా. అందులో ఎవరూ లేరు. ఏం చేసినా అడిగేవాళ్లు లేరు.

పెరటి తలుపు గడియను బయటి నుంచి సన్నటి పుల్లతో ఎత్తొచ్చు. ఇంట్లో అందరికీ తెలిసిన కిటుకే అది. మొదటిసారి లోపలికి పోయింది మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు వీధిలో మనుషులు తిరగరు. మరమగ్గాల టకటక మాత్రం అన్ని ఇళ్లలోంచీ వస్తూనే ఉంటుంది. ఆ శబ్దం నడుమ మా ఇల్లు ఒక్కటే నోరు మూసుకుని ఉంది. నాకు భయమేసిందా అంటే, వేసింది. పదహారేళ్ల ఆశ ముందు అది నిలవలేదు, అంతే. ముందు పడసాలను జపాను చేశాను. బెంచీ, నూలు మూటలు, క్యాలెండర్లు అన్నీ తీసేసి, ఒక్క ఈతచాప పరిచి, గోడ గూట్లో ఒక్క మందారం కొమ్మ పెట్టాను. బొమ్మలో ఆ గది ప్రశాంతంగా ఉండేది. మా పడసాల మాత్రం ఎవరో వచ్చి కూర్చోవడానికి కాచుకుని ఉన్నట్టు కనిపించింది. తర్వాత నట్టిల్లు మొరాకో అయింది. మచ్చపడి పక్కన పడేసిన లుంగీ గుడ్డలను దూలాలకు కట్టి డేరాలా వేలాడదీశాను. తెగిన నూలు కుక్కి దిండ్లు చేశాను. దీపం పెట్టకూడదన్న మాట మీరలేదు. పాత నూనె డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, పైకప్పులోని గాజుపెంకు కింద వేలాడదీశాను. ఎండ అందులోంచి దిగి గోడల మీద వందల చుక్కలై పడింది. పొద్దు కదిలేకొద్దీ ఆ చుక్కలు గోడ వెంబడి పాకేవి. నేను చాప మీద పడుకుని వాటిని చూస్తూ, ఈ చిత్తూరు జిల్లా మొత్తంలో ఇలాంటి గది ఇంకెవరికీ లేదని మురిసిపోయేదాన్ని.

మగ్గం ఇంటి వంతు ఆయుధపూజ తర్వాత వచ్చింది. మా ఊళ్లో ఆ పండక్కి మగ్గాలన్నిటికీ బంతిపూలు కడతారు. మర్నాడు వీధి చివర అవి కుప్పలుగా పడి ఉంటాయి. పుస్తకంలో మెక్సికో అని రాసి ఉన్న పుటలో అచ్చంగా ఆ పూలే ఉన్నాయి. మెట్లు మెట్లుగా బల్ల, దాని నిండా బంతిపూలు, పైన ఒక ముసలామె ఫోటో, ముందు పళ్లు, రొట్టెలు, గ్లాసు నీళ్లు. వాకిలి నుంచి బల్ల దాకా నేల మీద బంతి రెక్కలతో దోవ. వాళ్లు పండగకు ఇల్లు ఇలా అలంకరించుకుంటారు కాబోలు అనుకున్నాను. అవ్వ రాట్నం పక్కన చెక్కపెట్టెలు మూడు మెట్లుగా పేర్చి, తిరుపతి స్టూడియోలో కొండ బొమ్మ తెర ముందు తీయించుకున్న ఆమె ఫోటో పెట్టాను. రొట్టెల బదులు బొరుగులు, పళ్ల బదులు వక్కాకు, సున్నం డబ్బా, చిన్న లోటాతో నీళ్లు పెట్టాను. పెరటి తలుపు నుంచి ఫోటో దాకా రెండు చేతుల వెడల్పున పసుపు రెక్కల దోవ పరిచాను. బొమ్మలో ఉన్నట్టే కుదిరింది. అంతకంటే బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పోతే లోటాలో నీళ్లు సగమే ఉన్నాయి. బొరుగులు లేవు. ఎలుకలని సర్దుకున్నాను. వక్కాకు కూడా లేదు. ఎలుకలు వక్కాకు తింటాయా? లేచి నిలబడబోతూ స్తంభం పట్టుకున్నాను. అవ్వ కూర్చున్న ఎత్తున, ఎండి పొక్కిపోయిన పాత తెలుపు మీద, వేలి వెడల్పున సున్నం గీత ఒకటి ఉంది. తడిగా ఉంది. నా అరచేతికి అంటింది.

పుస్తకం తీసుకుని నేరుగా గ్రంథాలయానికి పోయాను. నిఘంటువు ముందేసుకుని, ఆ బొమ్మ కింద చిన్న అక్షరాలతో ఉన్న నాలుగు వాక్యాలను మాటమాటగా విప్పుకోవడానికి సాయంత్రమైంది. అది ఇంటి అలంకరణ కాదు. పోయినవాళ్లు ఏడాదికొకసారి ఇంటికి వస్తారని, వాళ్లు దోవ తప్పకుండా ఉండడానికే ఆ పూలని, ఆ వాసన పట్టుకుని నడిచి వస్తారని, దూరం నుంచి వచ్చినవాళ్లకు దప్పికవుతుంది కాబట్టే నీళ్లని అందులో ఉంది. మావాళ్లు ఎవరు రాకూడదని వాకిలికి కంప వేసి, సొంత ఇల్లు వదిలి, కూలి బతుకు బతుకుతున్నారో, ఆమెకు నేను పెరటి తలుపు నుంచి దోవ వేశాను. ఆ బొమ్మ కింద కూడా చూసుకుని ఉంటే, చదవకుండానే చదివాననుకోకపోయి ఉంటే, ఆ పని చేసేదాన్ని కాదు. ఆ రోజు నుంచి నేను ఏ పుస్తకాన్నీ బొమ్మలు చూసి మూయలేదు.

మర్నాడు ఆ పూలన్నీ ఊడ్చేయాలని చీపురు తీసుకుని పోయాను. పెరట్లో ఉండగానే కరెంటు పోయింది. నేత ఊళ్లో కరెంటు పోతే ఎలా ఉంటుందో అక్కడ బతికినవాళ్లకే తెలుసు. వందల మరమగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయి, చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా మూసిన ఇంట్లోంచి రాట్నం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, ఆగి, మళ్లీ కిర్రు. అవ్వ కండె మార్చేటప్పుడు అలాగే ఆగేది. చీపురు అక్కడే పారేసి పరిగెత్తాను. అంతకుముందు ఎవరికీ వినిపించకుండా మగ్గాల రొదలో ఎన్ని రోజులుగా ఆ రాట్నం తిరుగుతూ ఉందో అనుకుంటే ఆ పూట అన్నం దిగలేదు.

మరుసటి రోజు ధైర్యం చేసి తలుపు సందులోంచి చూశాను. తాత. అవ్వ పీట మీద, అవ్వలాగే ఒక మోకాలు పైకి పెట్టుకుని, తెగిన నూలును కండెకు చుడుతున్నాడు. బుగ్గలో వక్కాకు ఉంది. ఎప్పుడూ వక్కాకు ముట్టని మనిషి. వేలితో సున్నం స్తంభానికి రాసి, ఎవరో కసిరినట్టు తనలో తనే నవ్వుకున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"రా పాపా. మీ అవ్వ వొచ్చిండాది" అన్నాడు, పక్క ఊరి నుంచి చుట్టాలు వచ్చారన్నంత మామూలుగా.

"యాడ తాతా?"

"ఈడే. ఇల్లంతా ఎట్ల సర్దిండాదో సూడు. దానికి గుడ్డలంటే యెంత పిచ్చో నీకు తెల్దు. ఎవురితోనూ అనొద్దు మే. జనం వొస్తే బెదిరి పోతాది. ఈ కార్తీక పున్నానికి గడువు తీరిపోతాది గదా, ఆ పొద్దుకు పోతాదంట. నన్నూ రమ్మనింది."

తాత బాడుగ ఇంట్లో వారాలుగా సరిగ్గా తినడం లేదని, కంచం అంచున నాలుగు ముద్దలు కెలికి లేస్తున్నాడని అమ్మ రోజూ మొత్తుకునేది. ముసలాయన దిగులని అందరం అనుకున్నాం. ఆ రాత్రి అన్నాల దగ్గరే ఇల్లు ఇంకో ఆరు నెలలు మూసి ఉంచాలని తాత పట్టుబడితే, "మగ్గం గుంతలో పాములు కాపరం పెడతాయి నాయనా, ఆ పొద్దు నువ్వు దిగి నేస్తావా?" అని నాయన అరిచాడు. తాత ఆరు నెలలు ఇవ్వకపోయినా ఫరవాలేదన్నట్టు నా వైపు చూశాడు. పున్నానికి నెల రోజులుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి. నిజం తెలిసిన తర్వాత కూడా నాలుగు రోజులు నేను ఆ పూలు మార్చాను. వాడిపోతే ఆమె వెళ్లిపోయిందనుకుని తాత ఏమవుతాడో అని ఒక భయం. ఆయన తినేది అక్కడ నేను పెట్టే బొరుగులే కదా, అవీ మానేస్తే ఎలా అని ఇంకో భయం. రోజూ కొత్త పూలు, కొత్త నీళ్లు, అమ్మ కళ్లుగప్పి తెచ్చిన రెండు ముద్దలు. ఆయన అందులో సగమే తిని, సగం ఫోటో ముందు వదిలేవాడు. నాలుగో రోజు నీళ్లు ముంచే చెంబు కోసం, అప్పటిదాకా నేను ముట్టుకోని వంటింట్లోకి పోయాను. నెలల తరబడి దుమ్ము ఉండాల్సిన నేల అలికి ఉంది. పొయ్యి చుట్టూ రెండు గీతల ముగ్గు. గిన్నెలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాకా బోర్లించి ఉన్నాయి. చెంబు ఉప్పు జాడీ వెనకాల ఉంది. ఈ ముసలాయన ఎంతదాకా పోయాడు అనుకున్నాను. బయటికి వచ్చి చూస్తే, లేవబోతున్న తాత మొలతాడు నడుము మీద నిలవక తుంటి మీదికి జారి ఉంది. ఆయన ఒంట్లో అంత తగ్గిందని అప్పుడే కంటికి ఆనింది. ఇంక ఒక్క రోజు కూడా ఆగకూడదనుకున్నాను.

"తాతా, ఆ పూలు పరిచింది నేను."

"ఏ పూలు?" రాట్నం తిప్పుతూనే అన్నాడు.

"ఈ పూలే. అవ్వ ఫోటో పెట్టింది నేను. గుడ్డలు కట్టింది నేను. పుస్తకంలో బొమ్మలు చూసి చేసినా. అవ్వ రాలా తాతా."

"పడసాల?"

"నేనే."

"ఆ సిల్లుల డబ్బా?"

"మేకుతో పొడిచినా."

"సుత్తి యాడిది నీకు?"

"రోకలిబండతో."

"గట్టిదానివే" అన్నాడు. మొహంలో కోపం లేదు. చాలాసేపు నూలు చుట్టి, "మరి వంటిల్లు?" అన్నాడు.

"అది నువ్వు కదా చేసినావు."

రాట్నం ఆగింది. "నేనా? ఇన్నేండ్లలో ఆ వంటింట్లో నీళ్లు ముంచుకున్న్యానే గానీ, నేను సర్దింది యెప్పుడు సూసినావు? పూలు ఎవురైనా ఎయ్యొచ్చు పాపా. నీ మీద నాకు అనుమానం రాకపోలా. ఆ వంటిల్లు సూసినాకనే నేను నమ్మింది."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వంటింటి వాకిలి వైపు మాత్రం ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆయన పెదాలు ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కదిలాయి. అప్పుడు నాకు అర్థమైంది: నేను నిజం చెప్పి ఆయన్ని ఇవతలికి లాగాలనుకున్నాను, కానీ ఆ నిజం సగందాకానే పనికొచ్చింది. మిగతా సగం ఆయన ఎటు వేసుకుంటాడో ఆయన చేతుల్లోనే ఉంది.

"ఆ పుస్తకంలో, వొచ్చేదానికి దోవ ఉండాది గదా. పొయ్యేదానికి?"

"లేదు తాతా. వచ్చేదానికే."

"అయితే రాసినోనికి సగమే తెల్సు. సేట తీసకరా."

చేట తెచ్చాను. తాత వంగి, ఫోటో దగ్గర నుంచి మొదలుపెట్టి, రెక్కలన్నీ ఊడ్చి చేటలోకి ఎత్తాడు. ఎత్తి, పెరటి తలుపు బయట నుంచి మళ్లీ పరచడం మొదలుపెట్టాడు. తలుపు నుంచి బట్టలు ఉతికే రాయి దాకా, రాయి నుంచి పెరటి గోడ వాకిలి దాకా, వాకిలి దాటి సందులోకి. నేత పనివాడు కదా, రెక్కలు పడుగు పోగుల్లా వరస తప్పకుండా పడ్డాయి. ఇంట్లో ఒక్క రెక్క మిగలలేదు. చివరి పిడికెడు సందులో జల్లి, వెనక్కి వచ్చి పెరటి తలుపు గడప మీద నిలబడ్డాడు. నేను ఆయన పంచె చెంగు పట్టుకున్నాను. ఆయన కూడా ఆ దోవన నడిచి పోతాడేమోనని.

"ఏమే, పో ఇంక" అన్నాడు, ఎదురుగా ఉన్న ఎండలోకి చూస్తూ. ఆయన గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వు ముందు పో. నేను రొంత ఉండి వొస్తా. పాప పెండ్లి సూడాల."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత సందులోంచి ఎవరిదో మేక వచ్చి, అటు చివరి నుంచి బంతి రెక్కలు తినడం మొదలుపెట్టింది. నేను అదిలించబోతే తాత చెయ్యి పట్టి ఆపాడు. "తిననీ. దోవ ఉంటే మళ్లా తిరుక్కుంటాది" అన్నాడు. ఆ మేక ఒక్కో అడుగే ముందుకు వస్తూ, మా గడప దాకా మొత్తం తినేసి, మూతి నాక్కుంటూ మమ్మల్ని చూసింది.

కార్తీకంలో శాంతి చేయించి ఇంట్లో చేరాం. వీధి తలుపు తీయకముందే గుడ్డలు, డబ్బా, పెట్టెలు నేను తీసేశాను కాబట్టి నాయనకు ఏమీ తెలియలేదు. వంటిల్లు మాత్రం అలాగే ఉంచాను. దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. తర్వాతి కాలంలో ఇంకా చాలా చదివాను. దుఃఖంలో ఉన్న మనిషి తను చేసిన పని తనే మరిచిపోవచ్చని చదివాను. ఇంట్లో ఇంకో మనిషికీ పుల్లతో గడియ ఎత్తడం తెలుసు కదా అని ఆలస్యంగా తట్టింది. అమ్మ పెద్దదై మంచం పట్టాక ఒక రోజు అడిగాను, ఆ ఆరు నెలల్లో నువ్వెప్పుడైనా ఆ ఇంటికి పోయినావా అని. అమ్మ కళ్లు తెరవకుండానే, "ఎవురు సర్దితే ఏం మే, సుబ్బరంగా ఉన్నింది గదా" అంది. వంటింటి సంగతి నేను ఆమె ముందు ఎత్తనే లేదు. అడుగుదామనుకునేసరికి అమ్మ నిద్రపోయింది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఇళ్లు పాడుపెట్టేవాళ్లు లేరు. అపార్టుమెంటులో ఉండేవాళ్లు యాడికి పోతారు? ఏ నక్షత్రంలో పోయినా ఒక హోమం చేయించి, పదమూడో రోజు దాటగానే పెయింటు వేయిస్తారు, కొత్త కర్టెన్లకు నాకు ఫోన్ చేస్తారు. తప్పని నేను అనను. ఆరు నెలలు ఇల్లు వదిలితే కడుపు ఎలా కాలుతుందో నాయన మొహంలో చూశాను. కానీ ఆ ఆరు నెలలు పోయిన మనిషి కోసం ఒక ఇల్లు ఖాళీగా ఉండేది. లోకంలోని దేశాలన్నీ తెచ్చి గదుల్లో పెట్టుకునే ఈ రోజుల్లో, పోయినవాళ్లకు పది రోజుల చోటు కూడా ఎవరింట్లోనూ మిగలడం లేదనిపిస్తుంది. ఈ మాట చదువుకున్నదాన్నిగా అంటున్నానో, ఆ మగ్గం ఇంట్లో పెరిగినదాన్నిగా అంటున్నానో నాకు తెలియదు.

తాత నా పెళ్లి చూశాడు. మా పెద్దోడికి ఉయ్యాల తాళ్లు పేనాడు. కానీ ఆయన బతుకుతాడని నాకు తెలిసింది, మేక పూలు తినిపోయిన ఆ రోజు సాయంత్రమే. బాడుగ ఇంట్లో అమ్మ అలవాటుగా ఆయన కంచంలో రెండే గరిటెలు పెట్టి, వంకాయ పులుసు పోసింది. తాత ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, కంచాన్ని దూరంగా నెట్టాడు. మళ్లీ మానేశాడనుకున్నాను.

"ఇది పులుసా, నూలుకు పట్టించే గంజా? ఉప్పు యాడ పెట్టినావు?" అన్నాడు.

అవ్వ పోయినప్పటి నుంచి తాత ఎవరినీ తిట్టలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తెస్తాండా మామా" అని లోపలికి పోయి, ఉప్పు గిన్నె చేతిలో పట్టుకుని, గోడకు ఆనుకుని, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బయట తాత ఇంకో రెండు గరిటెల అన్నం అడిగాడు.